పల్లె పరువు పేరు చెప్పి నాటకాన్ని ఆపకండి: పరిషత్తుల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన నాటక పరిషత్తుల నిర్వాహకులకు, పరిశీలక సంఘాల సభ్యులకు, న్యాయనిర్ణేతలకు,

నమస్కారాలు.

సొంత డబ్బు కొంత, ఊరి చందా కొంత కలిపి, బడి ఆవరణలో వేదిక కట్టించి, అర్ధరాత్రి దాటాక చేరే బృందాలకు కూడా వేడి అన్నం పెట్టి తెలుగు నాటకాన్ని నిలబెడుతున్నవారు మీరు. ఇరవై రెండేళ్లుగా ఆ అన్నం తిన్నవాణ్ని నేను. ఆ చనువుతోనే, ఇక మరో దారి లేకనే, ఈ లేఖ అందరి ముందు పెడుతున్నాను.

నిరుడు మా నాటక సమాజం ఒక పరిషత్తు పోటీలకు జర్మన్ హాస్యనాటకం ఒకదాని తెలుగు అనువాదాన్ని పంపింది. అనువాదం నాది. కొద్ది వారాలకు రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఈ రచన గ్రామీణ జీవితాన్ని కించపరుస్తున్నదట, నైతిక విలువలకు విరుద్ధంగా ఉన్నదట, అందువల్ల పరిశీలనకు స్వీకరించలేరట. ఏ రంగం, ఏ సంభాషణ అభ్యంతరకరమో చెప్పమని మొదటి ఉత్తరం రాశాను. సభ్యులు సమయమిస్తే నేనే వచ్చి నాటకం మొత్తం చదివి వినిపిస్తానని రెండో ఉత్తరం రాశాను. మూడోది రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు రసీదు తిరిగి వచ్చింది, జవాబు మాత్రం రాలేదు. సభ్యులలో ఒక పెద్దాయన ఫోనులో ప్రేమగానే మాట్లాడారు. “ఆ గర్భం సంగతి తీసేయండి, పెళ్లిచూపుల గొడవగా మార్చండి, ఆలోచిద్దాం” అన్నారు. ఆయన మంచితనం మీద నాకు సందేహం లేదు. కానీ ఆయన తీసేయమన్నది ఆ నాటకానికి వెన్నెముక.

ఆ పరిషత్తు పేరు ఇక్కడ రాయను. ఇది ఒక్క పరిషత్తుతో ముగిసే విషయం కాదు.

ముందు నాటకం సంగతి చెప్పాలి. చదవకుండానే తీర్పు ఇచ్చినవారికి కూడా అది తెలియాలి.

కార్ల్ త్సుక్‌మాయర్ రాసిన ఈ మూడంకాల హాస్యనాటకం పేరు ‘డెర్ ఫ్రోలిషె వైన్‌బెర్గ్’. ‘ఉల్లాసాల ద్రాక్షతోట’ అని నేను తెలుగు చేశాను. 1925 డిసెంబరు 22న బెర్లిన్‌లోని షిఫ్‌బావర్‌డామ్ నాటకశాలలో దీన్ని మొదటిసారి ఆడారు. 2025 డిసెంబరుతో నూరేళ్లు నిండాయి. రచయిత పుట్టింది రైన్ నది ఒడ్డున, మైంజ్ నగరానికి దక్షిణంగా ఉన్న నాకెన్‌హైమ్ అనే ఊళ్లో, 1896లో. తండ్రికి వైను సీసాల మూతలపై తొడిగే తొడుగులు చేసే కర్మాగారం ఉండేది. నాటకం నడిచేది కూడా ఆ ప్రాంతంలోనే, ఆ ప్రాంతపు యాసలోనే. ఉద్యోగరీత్యా మైంజ్‌లో ఉన్న రోజుల్లో ఆ ఊరికి చాలాసార్లు వెళ్లాను. నది పక్కన నిటారుగా లేచిన ఎర్రటి గట్టు, దాని మీద వరుసలు వరుసలుగా ద్రాక్ష తీగలు. వాన పడితే ఆ మట్టి మరింత ఎర్రబడి చెప్పులకు అంటుకుంటుంది. ఈ నాటకంలోని మనుషులు ఆ మట్టిలోంచే వచ్చారు.

కథ చిన్నదే. గుండర్‌లోఖ్ అనే ద్రాక్షతోటల ఆసామి భార్యను పోగొట్టుకున్నవాడు. తోటల్లో సగం వేలం వేసి, మిగిలిన సగం కూతురు క్లేర్‌హెన్‌కు ఇచ్చి విశ్రాంతి తీసుకుందామనుకుంటాడు. అయితే ఒక షరతు పెడతాడు. కాబోయే అల్లుడి వల్ల కూతురు నెల తప్పినట్టు తేలాకే పెళ్లి. పెళ్లి కుదిరినవాడు క్నుట్సియస్. పెద్ద చదువు, విద్యార్థి సంఘాల దర్పం, నోరు తెరిస్తే దేశం, జాతి, శీలం. అతని కన్ను తోట మీద. క్లేర్‌హెన్ మనసు రైన్ నది మీద పడవ నడిపే యోఖెన్ మోస్ట్ మీద. యోఖెన్ అక్కచెల్లెళ్లలో ఒకరైన అన్నెమరీ గుండర్‌లోఖ్ ఇంటి బాధ్యతలు చూస్తూ, ఆ ఆసామినే మౌనంగా ప్రేమిస్తూ ఉంటుంది. ద్రాక్ష కోతలు, తాగుళ్లు, ఊరి పాటలు, సత్రంలో ఒక పెద్ద కొట్లాట. తెల్లవారేసరికి శీలం గురించి అంతగా మాట్లాడిన క్నుట్సియస్ తాగిన మత్తులో పెంటకుప్ప మీద తేలతాడు. చివరికి ఎవరి జంట వారికి దొరుకుతుంది. క్లేర్‌హెన్‌కు పడవవాడు, గుండర్‌లోఖ్‌కు అన్నెమరీ, క్నుట్సియస్‌కు సత్రం యజమాని కూతురు.

గిరీశాన్ని చూసి నవ్విన తెలుగు ప్రేక్షకుడికి క్నుట్సియస్‌ను పరిచయం చేయనక్కర్లేదు. గిరీశం సంఘసంస్కరణను నోట పెట్టుకుని తిరిగాడు. ఇతను దేశభక్తిని పెట్టుకుని తిరుగుతాడు. ఇద్దరికీ మాట ఒక పనిముట్టు. తేడా ఏమిటంటే, క్నుట్సియస్ వంటివారి చేతికి ఎనిమిదేళ్లకు ఒక దేశమే వచ్చింది.

ఇందులో పల్లెను కించపరిచింది ఎక్కడ? నేను ఈ నాటకంతో రెండేళ్లు గడిపాను, ప్రతి వాక్యాన్నీ నాలుగైదుసార్లు తిరగరాశాను. పల్లెవాళ్లు తాగుతారు, తిట్టుకుంటారు, కోరుకుంటారు, పొరబడతారు, పొద్దున లేచి పనికి పోతారు. రచయిత వాళ్లను ప్రేమించాడు. ఆయన పెంటకుప్ప మీద పడుకోబెట్టింది, వాళ్లకు నీతి చెప్పడానికి వచ్చినవాణ్ని మాత్రమే.

గుండర్‌లోఖ్ షరతు సంగతి వేరు. అది నాకూ నచ్చదు. ఆడపిల్ల శరీరాన్ని ఆస్తి పంపకంలో ఒక అంశంగా పెట్టడమది. నాటకం చివరికి ఆ షరతు ఏమవుతుందో చూడండి. ఎవరికోసం పెట్టారో ఆ పెళ్లే జరగదు. కూతురు తనకు కావలసినవాణ్ని తానే చేరుకుంటుంది. ఆ షరతును తీసేస్తే క్లేర్‌హెన్ గెలుపుకు అర్థమే మిగలదు. ఇంకొక మాట కూడా దాచను. ఇందులో యూదు వైను వర్తకుల పాత్రలున్నాయి. ఆ తరువాత జర్మనీలో యూదులకు జరిగినది తెలిసిన మనం వాటిని ఎంతో జాగ్రత్తగా ఆడాలి. మా దర్శకుడికీ నాకూ ఎక్కువ చర్చ జరిగింది ఆ పాత్రల మీదే. పరిశీలక సంఘం ఆ ప్రశ్న వేసి ఉంటే సంతోషించేవాణ్ని. అది నాటకాన్ని చదివినవారు వేసే ప్రశ్న.

ఇప్పుడు, అప్పట్లో ఏం జరిగిందో.

బెర్లిన్ ప్రేక్షకులు నాటకానికి బ్రహ్మరథం పట్టారు. ఆ నగరంలో అందరూ భయపడే విమర్శకుడు ఆల్‌ఫ్రెడ్ కెర్, బయటి వాస్తవం కన్నా లోపలి ఉద్వేగాలనే తీవ్రంగా చూపే ఎక్స్‌ప్రెషనిస్టుల వైభవం ఇక గతించిందని లాటిన్‌లో ఒక్క వాక్యం రాశారు. ఆ ఏడాదే త్సుక్‌మాయర్‌కు ప్రతిష్ఠాత్మకమైన క్లైస్ట్ పురస్కారం దక్కింది. అప్పటిదాకా ఆయనవన్నీ పరాజయాలే. 1920లో ఆడిన మొదటి నాటకం నిలబడలేదు. 1923లో కీల్ నగరంలో ప్రాచీన రోమన్ రచయిత టెరెన్స్ నాటకాన్ని తనదైన రీతిలో మార్చి ఆడించినందుకు నాటకశాల ఉద్యోగమే పోయింది.

నాటకం ఊళ్లకు బయలుదేరాక గొడవ మొదలైంది. క్నుట్సియస్‌లో తమ ముఖం కనబడిన విద్యార్థి సంఘాలు భగ్గుమన్నాయి. మాజీ సైనికులను వెక్కిరించాడన్నారు. శీలం చెడిపోతోందని మతపెద్దలు, స్త్రీల గౌరవం పోయిందని మరికొందరు, ద్రాక్ష రైతుల పరువు తీశాడని వేరొకరు. నాజీలు వీళ్లందరి పక్కనా చేరారు. ప్రదర్శనల మధ్యలో లేచి ఈలలు, అరుపులు, గందరగోళం. మాజీ సైనికులను అవమానించాడని ఎవరి మీద మండిపడ్డారో ఆ రచయిత 1914లో పద్ధెనిమిదేళ్లైనా నిండకముందే స్వచ్ఛందంగా సైన్యంలో చేరి, యుద్ధం ముగిసేదాకా పశ్చిమ రంగంలో పోరాడి, పతకాలు పొందినవాడు. ఆ మాట అరిచేవాళ్లలో ఎంతమందికి తెలుసో.

నాకెన్‌హైమ్‌కు కూడా కోపం వచ్చింది. గుండర్‌లోఖ్ అన్నది ఆ ఊళ్లో నిజంగా ఉన్న ఇంటిపేరు, పేరున్న ద్రాక్షతోటల కుటుంబానిది. ఊరివాళ్ల కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తమ ఇంటిపేరు బెర్లిన్ వేదిక మీద నవ్వుల మధ్య వినబడితే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. కానీ ఆ కోపం ఎంతకాలం నిలిచింది? అదే ఊరు తరువాత ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. అదే గుండర్‌లోఖ్ వైనరీ ఇవాళ తాను అమ్మే ఒక వైనుకు ‘జాన్ బాప్టిస్ట్’ అని పేరు పెట్టుకుంది. అది నాటకంలోని గుండర్‌లోఖ్ పేరు. 1979 నుంచి ఆ రాష్ట్ర ప్రభుత్వం త్సుక్‌మాయర్ పేరిట ఏటా ఒక పతకం ఇస్తోంది, దానితో పాటు నాకెన్‌హైమ్ వైను పీపా ఒకటి. ఊరి పరువు తీసిందని అన్న నాటకమే చివరికి ఆ ఊరి పేరు లోకానికి చెప్పింది.

ఊరి కోపం ఊరితో సర్దుకుంది. ఊరి పేరు చెప్పుకుని కోప్పడినవారిది అలా సర్దుకోలేదు. 1918 నవంబరు 12న జర్మనీలో నాటకాల మీద ముందస్తు సెన్సారును రద్దు చేశారు. కాబట్టి 1925లో ఈ నాటకాన్ని చట్టంతో ఆపడం అంత తేలిక కాలేదు. నాటకం వచ్చి సరిగ్గా ఏడాదికి, 1926 డిసెంబరులో, యువతను ‘చెత్త, అశ్లీల’ రచనల నుంచి కాపాడే పేరుతో పుస్తకాల మీద ఒక చట్టం వచ్చింది. 1933లో నాజీలు అధికారంలోకి వచ్చాక త్సుక్‌మాయర్ నాటకాలు నిషిద్ధమయ్యాయి. 1938లో ఆస్ట్రియాలోని ఇల్లు వదిలి స్విట్జర్లాండుకు పారిపోయారు. మరుసటి ఏడాది పౌరసత్వం కూడా లాగేసుకున్నారు. అమెరికాలో వెర్మాంట్ కొండల్లో పొలం కౌలుకు తీసుకుని మేకలను, కోళ్లను పెంచుకుంటూ బతికారు. పల్లెను అవమానించాడని నింద మోసిన మనిషి పల్లెపని చేసుకునే ప్రాణం నిలుపుకున్నారు.

మిమ్మల్ని ఆ నాజీలతో పోలుస్తున్నానని దయచేసి అనుకోవద్దు. ఆ పోలిక అన్యాయం, నా మనసులో లేదు. నేను చెప్పేది ఒక్కటే. ‘పల్లె పరువు’, ‘ప్రజల నైతికత’ అన్న మాటలను ఎవరు, ఎవరి తరఫున వాడుతున్నారో ప్రతిసారీ అడగాలి. ఆ మాట అన్నవాళ్లు నాటకం చూశారో లేదో అడగాలి.

ఇంకో ఉదాహరణ చెప్తాను, క్లుప్తంగా. బవేరియాలోని ఇంగోల్‌ష్టాట్ ఊరి అమ్మాయి మారీలూయిజ ఫ్లైసర్, తన ఊళ్లోకి వచ్చిన సైనికులకూ పనిమనుషులుగా ఉన్న అమ్మాయిలకూ మధ్య జరిగే కథ రాసింది. 1929లో బెర్లిన్‌లో, అదే షిఫ్‌బావర్‌డామ్ వేదిక మీద అది రచ్చకెక్కింది. ఊరి మేయరు బహిరంగంగా నిరసన తెలిపాడు. కన్నతండ్రి ఇంటి గడప తొక్కవద్దన్నాడు. త్సుక్‌మాయర్‌కు పేరుంది, డబ్బుంది, నిలదొక్కుకున్నాడు. ఆమెకు ఆ రెండూ లేవు. దశాబ్దాల పాటు దాదాపు మౌనంగా, పొగాకు వ్యాపారి భార్యగా, దుకాణం చూసుకుంటూ ఉండిపోయింది. ఆమె విలువ మళ్లీ గుర్తించేసరికి ముసలితనం వచ్చింది. 1981 నుంచి ఆ ఊరే ఆమె పేరిట సాహిత్య పురస్కారం ఇస్తోంది. పోయిన ముప్పై ఏళ్లను మాత్రం ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. ‘పరువు’ అన్న మాట బలవంతుడి మీద పడినప్పుడు గాయమవుతుంది, బలహీనుడి మీద పడినప్పుడు జీవితమే పోతుంది.

ఇక మన దగ్గర, రెండు వాక్యాల తిరస్కారం ఎవరికి ఏం చేస్తుందో విన్నవిస్తాను.

1. మా బృందంలో పద్నాలుగు మంది. ఒకరు దర్జీ, ఒకరు ఆటో నడుపుతారు, ఇద్దరు బడిపంతుళ్లు, ఒకరు ఎరువుల దుకాణంలో గుమాస్తా. రోజంతా పనిచేసి రాత్రి తొమ్మిదికి రిహార్సలుకు వచ్చేవారు. రెండు నెలలు అలా వచ్చారు. నాటకం ఆగిపోయిందని చెప్పిన రాత్రి ఎవరూ ఏమీ అనలేదు. దర్జీ మాత్రం, క్లేర్‌హెన్ కోసం కుట్టిన గౌను మడిచి సంచిలో పెడుతూ, “మన ఊరివాళ్ల తరఫున మాట్లాడినవాళ్లు ఎవరండీ?” అని అడిగాడు. జవాబు నా దగ్గర లేదు. మీ దగ్గర ఉందేమోనని ఈ లేఖ.

2. క్లేర్‌హెన్ పాత్ర వేయవలసిన నటి ఈ వృత్తి మీదే బతుకుతోంది. ఆమెకు జీతం లేదు, ప్రదర్శనకు ఇంత అని లెక్క. ఈ నాటకం కోసం ఖాళీ ఉంచిన రోజులకు వచ్చిన వేరే పిలుపులను ఆమె వదులుకుంది. మేకప్ చేసే ఆయన, లైట్ల కుర్రాడు, హార్మోనియం వాయించే పెద్దాయన అందరిదీ ఇదే పరిస్థితి. నాటకం ఆగితే రచయితకు బాధ కలుగుతుంది. వీళ్లకు ఆ నెల కిరాణా బాకీ మిగులుతుంది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ ప్రదర్శనను నిషేధించినప్పుడు దెబ్బ తిన్నది కూడా ముందుగా ఇలాంటివాళ్లే. దాదాపు నూరేళ్లుగా ఆడుతున్న నాటకం అది, వేశ్యాలోలత్వాన్ని ఎండగట్టడానికి రాసినది. అందులోని సుబ్బిశెట్టి పాత్రను కొందరు నటులు అనవసరంగా మోటుగా మార్చారన్నది నిజమే, ఆ పాత్ర వల్ల ఒక కులంవారు నొచ్చుకున్నదీ నిజమే. కానీ కాళ్లకూరివారు రాయని మాటలకు కాళ్లకూరివారి నాటకాన్ని శిక్షించడం న్యాయమా? ఆ మోటు మాటలను తీసేయించి, మూలాన్ని మూలంగా ఆడించే దారి ఒకటి ఉంది కదా.

3. పల్లె ప్రేక్షకుడికి జరుగుతున్న అవమానం అన్నిటికన్నా పెద్దది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఎలాంటి మాటలు మాట్లాడుకునేవారో మీలో పెద్దవారికి నేను చెప్పాలా? పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊరు ఊరంతా తెల్లవార్లూ చూసింది. ఆ రామాయణాన్నీ ఈ మోటు హాస్యాన్నీ ఒకే తెర మీద చూసి, దేన్ని ఎక్కడ ఉంచాలో తెలుసుకున్న ప్రేక్షకులు వాళ్లు. అలాంటివాళ్లు ఒక జర్మన్ ఆసామి పెట్టిన తిక్క షరతు విని చెడిపోతారని మనం అనుకుంటే, వాళ్ల తెలివిని మనమే తక్కువ చేస్తున్నాం.

4. కొత్తగా రాసేవాళ్లు దీన్నంతా గమనిస్తున్నారు. ఏ కారణమూ చెప్పకుండా ఒక నాటకం వెనక్కి వచ్చిందంటే, ఏం రాయకూడదో వాళ్లు ఊహించుకుంటారు. ఊహించుకున్న హద్దు అసలు హద్దు కన్నా ఎప్పుడూ ఇరుకుగానే ఉంటుంది. ఇప్పుడు పరిషత్తు నాటికల్లో ముసలి తల్లిదండ్రులను వదిలేసిన కొడుకులు, కన్నీళ్లు పెట్టించే ఆసుపత్రి రంగాలు ఎందుకు ఇన్ని వస్తున్నాయని న్యాయనిర్ణేతలే వేదిక మీద వాపోతున్నారు. కోరిక, ఆస్తి, పెళ్లి, తాగుడు, ఊరి రాజకీయం గురించి నవ్విస్తూ రాయగలిగిన కుర్రాళ్లు ఎందుకు రాయడం లేదో కూడా అదే వేదిక మీద మాట్లాడుకుంటే బాగుండును.

5. బయటి భాషల నాటకం తెలుగు పల్లెకు చేరే దారులు చాలా తక్కువ. నగరాల్లో కొన్ని బృందాలున్నాయి, విశ్వవిద్యాలయాల్లో కొంత పని జరుగుతోంది. ఊళ్లకు మాత్రం మీరే దారి. ఆ దారి మూసుకుపోతే, రైన్ ఒడ్డున ద్రాక్ష తెంపేవాడికీ గోదావరి ఒడ్డున వరి కోసేవాడికీ వేలం పాట, అల్లుడి ఆశ, కోతలయ్యాక వచ్చే సంబరం ఒకటేనని మన ఊళ్లో ఎవరూ నవ్వుతూ తెలుసుకోలేరు.

ఇవన్నీ చెప్పాక, మా కోరికలు ఇవి. మా ఒక్క నాటకానికి పరిమితమైనవి కావు.

మొదటిది, ఏ రచననైనా నైతికత కారణంగా తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వండి. ఏ అంకం, ఏ రంగం, ఏ మాట అన్నది చెప్పండి. ‘గ్రామీణ జీవితాన్ని కించపరచడం’ లాంటి మాట ఒక్కటే కారణం కాకూడదు.

రెండోది, అలాంటి అభ్యంతరం వచ్చిన రచనను కనీసం ముగ్గురు సభ్యులు మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివి సంతకం చేయాలి. రచయితో అనువాదకుడో కోరితే వారి ఎదుట చదివించుకోవాలి. ఇది చాలా చిన్న కోరిక. చదవకుండా తిరస్కరించే అధికారం ఎవరికీ లేదని మాత్రమే ఇది అడుగుతోంది.

మూడోది, పెద్దలకు ఉద్దేశించిన నాటకం అని ముందుగా ప్రకటించి ఆడే వీలు ఇవ్వండి. కరపత్రంలో, మైకులో చెప్పండి. పిల్లలను తీసుకురావాలో వద్దో తల్లిదండ్రులు తేల్చుకుంటారు. సినిమా హాలు గోడ మీద ఆ ఒక్క అక్షరం ఎన్నో ఏళ్లుగా ఆ పని చేస్తూనే ఉంది.

నాలుగోది, పరిశీలక సంఘంలో ఆ ఊరి ప్రేక్షకులలో ఒకరిని, రంగస్థల నటీమణులలో ఒకరిని తప్పనిసరిగా చేర్చండి. స్త్రీల గౌరవం పేరుతో ఒక నాటకాన్ని ఆపేటప్పుడు ఆ గదిలో ఒక్క స్త్రీ అయినా ఉండాలి. మాకు జవాబు పంపిన సంఘంలో ఒక్కరూ లేరు.

అయిదోది, అనువాద నాటకాలకు ఏడాదికి ఒక్క రాత్రి కేటాయించండి. పోటీలో వద్దనుకుంటే పోటీకి వెలుపలే ఉంచండి. పారితోషికం కూడా అక్కర్లేదు, ప్రయాణ ఖర్చులు మేమే పెట్టుకుంటాం.

పాత్రల పేర్లు మార్చమన్న సూచన గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కథను మన ఊరికి తెచ్చి, ద్రాక్షతోటను మామిడితోట చేసి, గుండర్‌లోఖ్‌ను ఏ నాయుడుగారిగానో రెడ్డిగారిగానో మార్చితే పని సులువవుతుందని కొందరు మిత్రులు అన్నారు. అలా చేయను. అప్పుడు నిజంగానే ఎవరో ఒకరి ఇంటిపేరు వేదికెక్కుతుంది, నాకెన్‌హైమ్‌లో జరిగిన బాధే ఇక్కడా జరుగుతుంది. పైగా ఆ నవ్వు వెనుక నిలబడి ఉన్న 1933ను తెలుగు ప్రేక్షకుడు చూడలేడు. క్నుట్సియస్ ఉపన్యాసం విని మొదట నవ్వి, ఇంటికి పోతూ ఆలోచించాలంటే అతను క్నుట్సియస్‌గానే ఉండాలి.

ఈ లేఖతో పాటు నాటకం పూర్తి ప్రతిని తెలుగు ప్రాంతాలలోని పరిషత్తులకు తపాలాలో పంపుతున్నాను. ఒక్క మాట కూడా కొట్టివేయలేదు. యూదు వర్తకుల పాత్రలను ఎలా ఆడదలచుకున్నామో వివరించే దర్శకుడి నోటు చివరి పుటల్లో ఉంది. మీకు అభ్యంతరమైన వాక్యాల కింద గీత గీసి అదే ప్రతిని తిప్పి పంపండి, ప్రతి గీతకూ జవాబు రాస్తాను. మా రిహార్సళ్లు మళ్లీ మొదలయ్యాయి. బుధ, శని వారాల్లో రాత్రి తొమ్మిది నుంచి మా ఊరి గ్రంథాలయం వెనుక గదిలో. మీలో ఎవరు వచ్చినా ముందు వరుసలో కుర్చీ వేస్తాం. వచ్చే పోటీల దరఖాస్తు గడువుకు ఇంకా ఏడు వారాలుంది.

భవదీయుడు,
ఒక నాటక అనువాదకుడు